జూలైలో అమ్మానాన్న వస్తున్నారు, మిన్నెసోటా నది లోయలో ఎక్కడెక్కడ తిప్పొచ్చు?

నల్లరేగడి | మే 27, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేం బ్లూమింగ్టన్ వచ్చి ఏడాదిన్నర అయింది. అమ్మానాన్న జూలై మొదటి వారంలో గుంటూరు నుంచి వస్తున్నారు, అమెరికా రావడం ఇదే మొదలు. ఎక్కడ తిప్పాలి అని ఎవర్ని అడిగినా మాల్ ఆఫ్ అమెరికా, మేపుల్ గ్రోవ్ గుడి, డులూత్, మళ్ళీ మాల్. మా నాన్న రైతు. మాల్‌లో అరగంట తిరిగాక ఎక్కడన్నా కుర్చీ ఉందా అని వెతుక్కుంటాడు. మా ఇంటి నుంచి పది నిమిషాల్లో నది ఉంది, దాని పొడుగునా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ (అభయారణ్యం), స్టేట్ పార్క్, ప్రేరీ (గడ్డి మైదానం) అంటూ బోర్డులు కనబడుతుంటాయి గానీ నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ ఏప్రిల్‌లో. బురదలో ఒక బూటు వదిలేసి వచ్చా. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ బాగానే నడుస్తుంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. "ఏముందక్కడ, గడ్డేగా" అనే జవాబు మా ఆవిడ ఇచ్చేసింది కాబట్టి అది తప్ప ఇంకేదైనా.

పిట్టలపిచ్చి | మే 27, రాత్రి 10:15

ఏప్రిల్‌లో వెళ్తే బూటు పోకపోతేనే ఆశ్చర్యం బ్రదర్. మంచు కరిగి నది పొంగే టైమ్ అది. ఫోర్ట్ స్నెల్లింగ్ పార్క్ అయితే కొన్ని వసంతాల్లో వారాల తరబడి మూసే ఉంటుంది.

మొదటి రోజు దూరం వద్దు. మీ ఊళ్ళోనే, ఎయిర్‌పోర్ట్ పక్కనే మిన్నెసోటా వ్యాలీ రెఫ్యూజ్ విజిటర్ సెంటర్ ఉంది. ప్రవేశం ఉచితం. లోపల పెద్ద అద్దాల గది, అక్కడ కూర్చుంటే లోయంతా కనిపిస్తుంది, నాన్నగారికి కుర్చీ సమస్య లేదు. తర్వాత కారెక్కి ఓల్డ్ సీడార్ అవెన్యూ వంతెన దగ్గరికి వెళ్ళండి. 1920 నాటి ఇనప వంతెన, ఏళ్ళ తరబడి మూతపడి ఉంటే బాగుచేసి 2016లో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ తెరిచారు. చదునుగా ఉంటుంది, ఎక్కడం దిగడం లేదు. వంతెన మధ్యలో నిలబడితే అటూ ఇటూ లాంగ్ మెడో లేక్, తామరాకులు, నారాయణ పక్షులు. ఓపిక మిగిలితే బాస్ పాండ్స్. ఒకప్పుడు చెరువుల్లో వదలడానికి చేపపిల్లల్ని పెంచిన గుంటలవి, ఇప్పుడు బాతులవి. తెల్లారగట్ల, సాయంత్రం కాకుండా ఎండెక్కాక వెళ్తే దోమలు కాస్త తక్కువ. కాస్తే.

కాఫీగింజ | మే 27, రాత్రి 10:31

నిజం చెప్పనా, నేను మా అత్తామామల్ని ఆ విజిటర్ సెంటర్‌కి తీసుకెళ్ళా. రెండు నిమిషాలకో విమానం నెత్తి మీద నుంచి పోతుంటే మా మామగారు "ఇది అభయారణ్యమా, బేగంపేటా?" అన్నారు. మీ ఆవిడ కరెక్ట్. డులూత్ వెళ్ళండి, కనీసం సముద్రంలా ఉండే సరస్సు కనిపిస్తుంది.

పిట్టలపిచ్చి | మే 27, రాత్రి 10:44

@కాఫీగింజ ఆ విమానాల కథ కూడా వినండి మరి. ఎయిర్‌పోర్ట్‌కి కొత్త రన్‌వే వేస్తామన్నప్పుడు రెఫ్యూజ్ మీద పడే మోతకి పరిహారం అడిగారు. 2000లో 2 కోట్ల 60 లక్షల డాలర్లతో ఒక ట్రస్ట్ పెట్టించారు. ఆ డబ్బుతో నది పైకి, జోర్డన్, కార్వర్ అనే ఊళ్ళ వైపు పొలాలు కొని మళ్ళీ ప్రేరీగా, చిత్తడిగా మారుస్తూ వచ్చారు. అంటే మీ మామగారి నెత్తి మీద ఎగిరిన విమానమే ఇంకోచోట బాతులకి ఇల్లు కొనిపెట్టింది. అసలు ఈ రెఫ్యూజ్ పుట్టడమే అలా. లోయ అంతా గోడౌన్లు, చెత్త దిబ్బలు అయిపోతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పట్టుబడితే 1976లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఇప్పుడు దాదాపు 14,000 ఎకరాలు, నది వెంట 70 మైళ్ళు. అయితే ఒకే ముక్క కాదు, అక్కడో చెక్క ఇక్కడో చెక్క.

లెక్కలమాస్టారు | మే 28, ఉదయం 6:05

బాబూ, మీ నాన్నగారు రైతు అన్నారు కాబట్టి ఒక మాట. ఆయన్ని బ్లఫ్ (లోయ పక్కనున్న ఎత్తు గట్టు) అంచున నిలబెట్టి అడగండి, "ఇంత పెద్ద లోయని ఈ నది తవ్విందంటే నమ్ముతావా" అని. కాలవలు చూసిన కన్ను కదా, నమ్మరు. ఈ నది అన్నయ్య చొక్కా తొడుక్కున్న చిన్న తమ్ముడి లాంటిది. మంచుయుగం ముగిసేటప్పుడు, ఇప్పటికి సుమారు 12 వేల ఏళ్ళ కిందట, ఉత్తరాన అగాసి అనే పెద్ద హిమానీ సరస్సు ఉండేది. అది పొర్లి దక్షిణానికి పారిన వారెన్ నది ఈ లోయని కోసింది. కొన్నిచోట్ల వెడల్పు 5 మైళ్ళ దాకా ఉంటుంది. సరస్సు నీళ్ళు వేరే దారి పట్టాక ఆ పెద్ద నది పోయింది, గాడి మిగిలింది, ఆ గాడిలో ఈ నది వంకర్లు తిరుగుతోంది. మోర్టన్ అనే ఊరి దగ్గర వారెన్ నది మట్టినంతా కడిగేసి అడుగు రాయిని బయటపెట్టింది. గులాబీ, బూడిద రంగు చారల రాయి, వయసు సుమారు 350 కోట్ల ఏళ్ళు. తిరుపతి కొండ రాళ్ళు దీని ముందు పసిపిల్లలు.

ప్రేరీపిచ్చోడు | మే 28, ఉదయం 8:20

"గడ్డేగా" అనే మాట చూశాక ఆఫీసు పని పక్కనపెట్టి రాస్తున్నా.

నేను నాలుగేళ్ళుగా శనివారాలు ప్రేరీ పనికి వాలంటీర్‌గా వెళ్తున్నా. సెప్టెంబర్, అక్టోబర్‌లో బకెట్ మెడకి తగిలించుకుని విత్తనాలు దూయడం, అంతే పని. ఈ రాష్ట్రంలో ఒకప్పుడు 1 కోటి 80 లక్షల ఎకరాల ప్రేరీ ఉండేది. ఇప్పుడు నాగలి పడకుండా మిగిలింది ఒక శాతం పైచిలుకు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా. ఎడారి పోతే ఎడారి పోయిందంటారు, అడవి పోతే అడవి పోయిందంటారు, గడ్డి పోతే మాత్రం "అభివృద్ధి" అంటారు. బిగ్ బ్లూస్టెమ్ అని ఒక గడ్డి ఉంది. కంకి మూడు వేళ్ళుగా కోడికాలులా విచ్చుకుంటుంది, సెప్టెంబర్‌కి మనిషిని దాటి పెరుగుతుంది, దాని వేరు మనిషి కంటే లోతుకి దిగుతుంది. ఆ వేళ్ళు ఏటేటా చచ్చి కుళ్ళి వేల ఏళ్ళకి ఇక్కడి నల్లమట్టి తయారైంది. మట్టి అంత బాగుండబట్టే ప్రేరీ బతకలేదు.

మిగిలిన ముక్కలు ఎక్కడున్నాయంటే నాగలి దిగనిచోట. సెయింట్ పీటర్ దగ్గర కసోటా ప్రేరీకి వెళ్ళండి. మట్టి పలచన, కింద సున్నపురాయి, అందుకే బతికింది. అక్కడ నడిచేటప్పుడు పూల మీద తుమ్మెదల్ని చూడండి. వీపు మీద తుప్పు రంగు మచ్చ ఉంటే అది 2017లో అంతరించిపోయే జీవుల జాబితాకెక్కిన జాతి కావచ్చు. 2019లో దాన్నే ఈ రాష్ట్ర అధికారిక తుమ్మెదగా ప్రకటించారు.

ఈడెన్‌ప్రేరీ_అత్తగారు | మే 28, ఉదయం 11:02

మీరంతా ఇంత మంచివాళ్ళయితే మరి ఆ గడ్డిని తగలబెట్టేదెవరు బాబూ? మొన్న ఏప్రిల్ నెలాఖరున మా అబ్బాయి ఇంటి వెనక నుంచి పొగ. చూస్తే బారెడు మంటలు. నేను భయపడి 911కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎంతో నెమ్మదిగా "అది వాళ్ళు కావాలనే కాలుస్తున్నారమ్మా" అంది. సిగ్గుతో చచ్చాను. మర్నాడు చూస్తే ఎకరాలకి ఎకరాలు బొగ్గు.

ప్రేరీపిచ్చోడు | మే 28, మధ్యాహ్నం 12:10

అత్తగారూ, ఫోన్ చేయడం తప్పేం కాదు, నా మొదటి ఏడు నేనూ చేయబోయాను :)

కాల్చకపోతే ప్రేరీ బతకదండి. నాలుగైదేళ్ళు వదిలేస్తే పొదలు, సీడార్ మొక్కలు లేచి నీడ పడుతుంది, గడ్డి చస్తుంది. పూర్వం పిడుగులు కాల్చేవి, ఈ నేల మూలవాసులైన డకోటా జనం కావాలని కాల్చేవారు. ప్రేరీ మొక్క ప్రాణం వేళ్ళలో ఉంటుంది కాబట్టి పైన కాలినా దానికి పోయేదేం లేదు. నల్లబడ్డ నేల ఎండకి త్వరగా వేడెక్కి పదిహేను రోజుల్లో పచ్చబడుతుంది. ముందు గాలి దిశ, తేమ చూసి, చుట్టూ గడ్డి కోసి బాట తీసి, గాలి ఎటు పోతోందో ఆ వైపు అంచున మొదట అంటిస్తారు, మంట గాలికి ఎదురుగా నెమ్మదిగా నడిచేలా. అంతా ఒకేసారి కాల్చరు, పురుగూ పుట్రా పక్క ముక్కలోకి పోవడానికి కొంత వదిలేస్తారు. మన దగ్గర వేసవిలో ఎవడో బీడీ పారేస్తే కొండ తగలబడుతుందే, దానికీ దీనికీ పోలిక లేదు.

పెన్నాతీరం | మే 28, రాత్రి 8:47

నాకు ఒక సందేహం, ఎవరూ తిట్టకండి. పోయిన అక్టోబర్‌లో పిల్లల్ని తీసుకుని రెఫ్యూజ్‌లో నడుస్తుంటే తుపాకులతో ఇద్దరు ఎదురొచ్చారు. మా వాడు భయపడి ఏడ్చాడు. అభయారణ్యం అని పేరు పెట్టి బాతుల్ని కాల్చనివ్వడం ఏంటి? మేం శాకాహారులం, కనీసం ఒక బోర్డన్నా పెద్దగా పెట్టొచ్చుగా.

పిట్టలపిచ్చి | మే 28, రాత్రి 9:20

తిట్టేదేముందండీ, నేనూ మొదట అలాగే గింజుకున్నా. కానీ ఇక్కడి లెక్క వేరు. ఈ చిత్తడి నేలలు కొన్న డబ్బులో పెద్ద భాగం వేటగాళ్ళదే. 1934 నుంచి బాతుల వేటకి వెళ్ళే 16 ఏళ్ళు నిండిన ప్రతివాడూ డక్ స్టాంప్ కొనాలి, ఇప్పుడు 25 డాలర్లు. అందులో డాలరుకి 98 సెంట్లు నేల కొనడానికీ కాపాడడానికీ పోతుంది. నేను ఒక్క పిట్టనీ కొట్టను గానీ ఏటా ఆ స్టాంప్ కొంటా. కెమెరా పట్టుకుని తిరిగేవాళ్ళం మనం ఎంతిచ్చామని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అందుకు. వేట రెఫ్యూజ్‌లో అన్నిచోట్లా ఉండదు, ఏ ముక్కలో ఎప్పుడో మ్యాప్‌లో ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో పిల్లలకి నారింజ రంగు చొక్కాలు వేయండి. బోర్డు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా.

పెన్నాతీరం | మే 28, రాత్రి 9:33

డబ్బులిచ్చినంత మాత్రాన చంపే హక్కు వస్తుందా అన్నది నాకు ఇంకా మింగుడుపడటం లేదు. సరే, స్టాంప్ కొంటా. బాతు తరఫున.

డ్రోన్‌బాబు | మే 29, ఉదయం 7:15

నా అనుభవం ఒకటి, నవ్వుకోండి. బాస్ పాండ్స్ దగ్గర సూర్యోదయం తీద్దామని డ్రోన్ లేపా. రెండు నిమిషాలు కాలేదు, గద్ద ఒకటి దాని మీదికి వచ్చింది. దించేసరికి ఆఫీసర్ నిలబడి ఉన్నాడు. రెఫ్యూజ్‌లో డ్రోన్ ఎగరేయడం నిషేధం, బోర్డు మీద రాసే ఉంది, నేనే చదవలేదు. జరిమానా కట్టా. వీడియో మాత్రం అదిరింది, ఎవరికీ చూపించలేను.

కొత్తకాలవ | మే 29, ఉదయం 10:50

ఫోర్ట్ స్నెల్లింగ్ స్టేట్ పార్క్ గురించి పైన ఒకరు మామూలుగా చెప్పి వదిలేశారు. రోజు పర్మిట్, ఏడాది పర్మిట్ రెండూ ఉన్నాయి, అన్ని స్టేట్ పార్కులకీ అదే పర్మిట్. పైక్ ఐలండ్ చుట్టూ మూడు మైళ్ళ చదును బాట ఉంది, ద్వీపం కొసన మిన్నెసోటా నది మిసిసిపీలో కలుస్తుంది. రెండు నీళ్ళ రంగు తేడా కంటితో చూడొచ్చు, మనది మట్టి రంగు.

కానీ అక్కడికి వెళ్తే అది ఎవరి నేలో తెలుసుకుని వెళ్ళండి. రెండు నదులు కలిసే ఆ చోటు డకోటా జనానికి తాము పుట్టిన చోటు, వాళ్ళ భాషలో బ్డోటే. 1862లో తిండి లేక, రావాల్సిన డబ్బు అందక వాళ్ళు తిరగబడ్డారు, ఓడిపోయారు. ఆ చలికాలం సుమారు 1,600 మందిని, ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక కోట కింద పల్లంలో కంచె వేసి ఉంచారు. వందకు పైగా మంది అక్కడే చనిపోయారు. అదే డిసెంబర్ 26న మంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. పార్కులో వాళ్ళ స్మారకం ఉంది, జనం పొగాకు, గుడ్డ ముక్కలు కట్టి వెళ్తుంటారు. మేం మొదటిసారి తెలియక దాని పక్కనే పులిహోర డబ్బా తెరిచాం. ఒక పెద్దావిడ ఏమీ అనలేదు, చూసిందంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. నది పైకి, గ్రానైట్ ఫాల్స్ ఊరి వైపు అప్పర్ సూ ఏజెన్సీ అని స్టేట్ పార్క్ ఉండేది, 2024లో దాన్ని డకోటా వాళ్ళకే తిరిగి ఇచ్చేశారు. పాత మ్యాప్ పట్టుకుని అక్కడికి వెళ్ళకండి.

నల్లరేగడి | మే 29, రాత్రి 10:02

@కొత్తకాలవ ఇది చెప్పినందుకు చాలా థాంక్సండి. రోజూ ఆ పార్క్ పక్కనున్న వంతెన మీద నుంచే ఆఫీసుకి వెళ్తున్నా, ఒక్క ముక్క తెలీదు.

ఇంకో ప్రశ్న. అమ్మకి పెలికాన్లంటే ఇష్టం. మా ఊరి పక్కనే ఉప్పలపాడు, చిన్నప్పుడు చెరువు గట్టున కూర్చోబెట్టి గూడబాతుల్ని చూపించేది. ఇక్కడ కూడా ఉంటాయని ఎవరో అన్నారు, నిజమేనా?

పిట్టలపిచ్చి | మే 29, రాత్రి 10:30

ఉంటాయా! నది పైభాగంలో మార్ష్ లేక్ ఉంది, ఉత్తర అమెరికాలో పెద్ద పెలికాన్ కాలనీల్లో అదొకటి. మీ అమ్మగారు చూసినవి బూడిద రంగువి, చెట్ల మీద గూళ్ళు కట్టేవి. ఇవి తెల్లవి, రెక్క అంచు నలుపు, ద్వీపాల్లో నేల మీదే గూడు. గుడ్లు పెట్టే కాలంలో ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె మొలిచి తర్వాత రాలిపోతుంది. వేటాడి, గుడ్లు పగలగొట్టి తరిమేస్తే 1878 తర్వాత ఈ రాష్ట్రంలో గూడే కట్టలేదు. 90 ఏళ్ళ తర్వాత 1968లో మార్ష్ లేక్‌కే తిరిగొచ్చాయి.

కానీ మీ ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్, ద్వీపాల దగ్గరికి పోనివ్వరు, నాన్నగారి మోకాళ్ళకి అంత ప్రయాణం ఎందుకు? జూలైలో లాంగ్ మెడో లేక్ మీద కూడా తిరుగుతుంటాయి. ఆకాశంలో తెల్లగా గుంపు గుండ్రంగా తిరుగుతూ, మలుపులో ఒక్కసారిగా మాయమై మళ్ళీ కనిపిస్తే అవే.

సింగరేణి_సీను | మే 30, సాయంత్రం 5:18

అన్నా, బైసన్‌ని ఎవరూ చెప్పలేదేంది? మంకేటో పక్కన మినియోపా పార్క్, గంటన్నర కూడా పట్టదు. 2015లో మంద తెచ్చి వదిలిండ్రు. కంచె లోపల రోడ్డు ఉంది, కార్లనే కూసొని చూడొచ్చు, దిగొద్దు. బాపుకి మస్తు నచ్చుతది. బుధవారం ఆ రోడ్డు బంద్ ఉంటది, పోయే ముందు ఒకసారి చూస్కో. అదే పార్కుల రెండు మెట్ల జలపాతం, 1864ల కట్టిన రాతి గాలిమర కూడా ఉన్నయి. మా అమ్మ బైసన్‌ని చూసి "గింత తలకాయ ఉంది, వెనక ఏమీ లేదేంది" అన్నది.

ఈడెన్‌ప్రేరీ_అత్తగారు | మే 30, సాయంత్రం 6:40

నల్లరేగడి బాబూ, అమ్మగారికి రెండు జాగ్రత్తలు చెప్పు. ఒకటి, గోమార్లు. ఇక్కడ టిక్స్ అంటారు, మన గేదెలకి పట్టేవాటి లాంటివే, చిన్నవి నువ్వుగింజంత ఉంటాయి, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచు సాక్స్‌లోకి దోపమను, ఇంటికొచ్చాక చంకలు, మోకాళ్ళ వెనక చూసుకోమను. చీరతో గడ్డిలోకి వద్దు. రెండు, కొత్తిమీర పూత గొడుగులా విచ్చుకున్నట్టు పసుపు పూలతో ఒక మొక్క బాటల పక్కన ఉంటుంది, వైల్డ్ పార్స్నిప్. దాని రసం తగిలి ఎండ పడితే చేయి కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మనవాళ్ళకి ఏ ఆకు కనిపించినా తుంచి వాసన చూసే అలవాటు, నాకు తెలుసు, నాకూ ఉంది కాబట్టి.

నల్లరేగడి | జూలై 19, రాత్రి 11:25

ఆలస్యమైనా రిపోర్ట్ ఇస్తున్నా. మూడు వారాంతాలు తిరిగాం. మాల్‌కి కూడా వెళ్ళాం, 40 నిమిషాలు.

వంతెన మీద అమ్మకి పెలికాన్లు కనిపించాయి, పదకొండు. "మనవాటి కంటే తెల్లగా ఉన్నాయి, చలికి కాబోలు" అని తనే తేల్చేసుకుంది. కసోటా ప్రేరీలో అత్తగారు చెప్పినంతా జరిగింది. నేను వెనక నీళ్ళ సీసా తీసేలోపు అమ్మ ఒక ఆకు తుంచేసింది. నా గుండె జారింది. చూస్తే మిల్క్‌వీడ్, తుంచినచోట తెల్లటి పాలు. అమ్మ వేలు చూసుకుని, "ఒరేయ్, ఇది జిల్లేడు చుట్టంరా" అంది. ఫోన్‌లో వెతికితే నిజంగానే ఒకటే కుటుంబం! పక్క మొక్క మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళి పురుగు ఆకు అంచుని గీసినట్టు కొరుకుతూ పోతోంది. మోనార్క్ సీతాకోకచిలుకది. మన జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుక దానికి దాయాదేనట. పావుగంట అమ్మ అక్కడే వంగి నిలబడింది. ఆకు తుంచడం తప్పని చెప్పా, వినిపించుకోలేదు.

నాన్న సంగతి వేరు. ఆయన ప్రేరీని పెద్దగా చూడలేదు. ఉడుత తవ్విన బొరియ దగ్గర మట్టి వేళ్ళ మధ్య నలిపి, "ఇంత నేలని ఖాళీగా పెట్టారేంట్రా" అన్నాడు. తిరిగొస్తుంటే ఒక సోయా చేను పక్కన కారు ఆపమన్నాడు. కాలవ గట్టున పైపు మూతి, దాంట్లోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. బోరు ఎక్కడుంది అని అడిగాడు. బోరు కాదు నాన్నా, చేల కింద పైపులు పాతి నీళ్ళని బయటికి తోడేస్తారు, లేకపోతే ఇవన్నీ ఒకప్పుడు చిత్తడి నేలలే అని చెప్పా. ఆయన నమ్మలేదు. సాగర్ కాలవ చివరి భూములవాడు, వంతు నీళ్ళ కోసం రాత్రిళ్ళు కాపలా పడుకున్న మనిషి. "నీళ్ళు పోగొట్టుకోవడానికి పైపులా" అని రెండుసార్లు అన్నాడు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ప్రేరీపిచ్చోడు | జూలై 20, ఉదయం 7:30

నాన్నగారు అసలు విషయం పట్టేశారు. ఆ పైపుల వల్లే వాన పడగానే నీళ్ళు ఒక్కసారిగా నదిలో పడతాయి, నది ఉబ్బి గట్లని కోస్తుంది, చేల ఎరువు కూడా దాంతోపాటే పోతుంది. కింద మిసిసిపీ మీద లేక్ పెపిన్ పూడిపోతోందే, అందులో ఎక్కువ మట్టి మన నదిదే. అదే నీళ్ళని పది రోజులు పట్టి నిదానంగా వదిలేది ప్రేరీ, చిత్తడి. ఖాళీగా లేదు, పని చేస్తోందని చెప్పండి.

నల్లరేగడి | జూలై 20, రాత్రి 9:10

చదివి వినిపించా. "ఊ" అన్నాడు. తర్వాత అత్తగారి 911 కథ కూడా చదివితే చాలాసేపు నవ్వాడు, కాల్చేది ఎప్పుడు అని అడిగాడు. ఏప్రిల్‌లో అన్నా. మరి వాళ్ళ తిరుగు టికెట్ సెప్టెంబర్ 20.

ప్రేరీపిచ్చోడు | జూలై 20, రాత్రి 9:26

అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో కూడా కొన్ని ముక్కలు కాలుస్తారు, గాలి కుదిరితే. మంటల దగ్గరికి పోనివ్వరు, రోడ్డు మీద నుంచి చూడొచ్చు. అంతకుముందు నాలుగు శనివారాలు విత్తనాలు దూయడానికి మనుషులు కావాలి, కూర్చుని శుభ్రం చేసే పని కూడా ఉంది.

నల్లరేగడి | జూలై 20, రాత్రి 9:58

టికెట్ మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోమంటున్నాడు.